సముద్రగర్భ కేబుళ్ల పటం: ఉచితంగా దొరికే మంచి సాధనం, ఒక హెచ్చరికతో

ఖండాలను కలుపుతూ సముద్రం అడుగున సాగే ఫైబర్ ఆప్టిక్ కేబుళ్లను ఒక్కచోట చూపే పటాన్ని టెలీజియోగ్రఫీ అనే అమెరికా పరిశోధన సంస్థ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది. ఏ గీతను నొక్కినా ఆ కేబుల్ పేరు, పొడవు, సేవలోకి వచ్చిన సంవత్సరం, యజమానులు, అది తీరానికి చేరే ఊళ్లు పక్కనే కనిపిస్తాయి.

వీటన్నిటిలో నాకు అత్యంత విలువైనదిగా తోచింది యజమానుల వివరం. సింగపూర్ నుంచి చెన్నై, ముంబయి మీదుగా ఫ్రాన్స్‌లోని మార్సెయ్ వరకు 2005లో వేసిన సీ-మీ-వీ 4 కేబుల్‌ను నొక్కితే వివిధ దేశాల టెలికాం సంస్థల పేర్లు వరుసగా వస్తాయి; అమెరికాలోని వర్జీనియా బీచ్‌నూ స్పెయిన్‌లోని బిల్బావోనూ కలుపుతూ 2017లో పూర్తయిన 6,600 కిలోమీటర్ల మరేయాను నొక్కితే మైక్రోసాఫ్ట్, మెటా కనిపిస్తాయి. పన్నెండేళ్లలో సముద్రగర్భంపై పెత్తనం ఎటు మళ్లిందో చెప్పడానికి ఈ రెండు గీతలు చాలు.

ఎర్ర సముద్రం దగ్గర ఆసియా, ఐరోపాల మధ్య కేబుళ్లు ఎంత ఇరుకున సాగుతున్నాయో చూస్తే, 2025 సెప్టెంబరులో జెడ్డా సమీపాన కేబుళ్లు తెగినప్పుడు భారత్, పాకిస్తాన్‌లలో నెట్ ఎందుకు మందగించిందో తేలికగా బోధపడుతుంది.

మన దేశానికి వచ్చే కేబుళ్లలో అత్యధికం ముంబయి, చెన్నైలలోనే ఒడ్డుకు చేరతాయి కాబట్టి, హైదరాబాద్ నుంచి విదేశాలకు వెళ్లే సమాచారంలో చాలా భాగం ముందు నేల మీది ఫైబర్ ద్వారా ఆ నగరాలకు వెళ్లవలసిందే. విశాఖపట్నంలో నిర్మిస్తామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన కృత్రిమ మేధ కేంద్రంలో సముద్రగర్భ కేబుళ్ల ముఖద్వారం కూడా భాగం గనుక, ఆంధ్ర తీరంపై ఆసక్తి ఉన్నవారు ఈ పటాన్ని అప్పుడప్పుడు తెరిచి చూడడం మంచిది.

ఇక హెచ్చరిక. ఇందులోని గీతలు కేబుళ్ల అసలు దారులు కావు. చూడడానికి వీలుగా, ఒకదానిపై ఒకటి పడకుండా విడదీసి గీసినవి. ఈ సంగతిని సంస్థే చెబుతుంది గాని, పాఠశాలల్లో దీన్ని చూపే ఉపాధ్యాయులు పిల్లలకు ముందుగా వివరించాలి. ఏ కేబుల్‌లో ఎంత సమాచారం ప్రవహిస్తోందో, ఈ రోజు ఏది తెగి ఉందో కూడా ఇది చూపదు. నెట్ నిలిచిపోయినప్పుడు కారణం వెతుక్కోవడానికి మరో చోటికి వెళ్లాలి.