ఇంజిన్ ఆపాకే కనబడ్డాయి: ఇకిటోస్‌లో గులాబీ డాల్ఫిన్లు

పెరూ వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది మాచు పిచ్చు చూసుకుని తిరిగొచ్చేస్తారు. మేం మాత్రం రాజధాని లీమాలో దిగి, అక్కణ్నుంచి నేరుగా అమెజాన్ అడవుల్లో ఉన్న ఇకిటోస్ నగరానికి విమానం ఎక్కాం. మేమంటే నేను, మా అమ్మ. అమ్మకు 58 ఏళ్లు. డల్లాస్‌లో మా ఇంట్లో ఉండగా ఒకరోజు టీవీలో గులాబీ రంగు డాల్ఫిన్‌ను చూసి, "నదిలో ఇలాంటిది నిజంగా ఉంటుందటే?" అని అడిగింది. ఆ మాట నా బుర్రలో అలా ఉండిపోయింది. జులై మొదటి వారానికి టికెట్లు కొనేశాను.

ఇకిటోస్‌కు దేశంలోని మిగతా ప్రాంతాల నుంచి రోడ్డు లేదు. విమానంలో దిగాలి, లేదంటే రోజుల తరబడి పడవలో రావాలి. ఊరినిండా మన ఆటోల్లాంటి మోటోటాక్సీలు. ఆ ఉక్క, ఆ చప్పుడు చూసి అమ్మకు రాజమండ్రి కోటగుమ్మం సెంటరు గుర్తొచ్చింది.

మొదటి రోజే ఒక తప్పు చేశాం. రేవు దగ్గర ఒకతను మూడు గంటల ట్రిప్పు, డాల్ఫిన్ గ్యారంటీ అన్నాడు. చవగ్గా ఉందని ఎక్కేశాం. నీళ్లలో ఎక్కడ వీపు కనబడితే అక్కడికి నాలుగు పడవలు ఒకేసారి ఇంజిన్లు పెంచి దూసుకెళ్లడం, అది మునిగిపోవడం, మళ్లీ వెతకడం. ఒక పడవలోంచి చేపముక్కలు కూడా విసిరారు. దూరంగా రెండు బూడిదరంగు వీపులు కనబడ్డాయి, అంతే. అమ్మ ముఖం చిన్నబోయింది. "పాపం, ఊపిరి తీసుకుందామని పైకొస్తుంటే తరుముతారేమిటే" అంది. అవి చేపలు కావు, గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు. అది తెలిసినవాళ్లు కూడా పట్టించుకోకపోవడం నాకు చాలా బాధగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే, మేం ముందే బుక్ చేసుకున్న అడవి లాడ్జ్ వాళ్ల వ్యాన్ వచ్చింది. ఇకిటోస్ నుంచి నౌటా అనే ఊరికి సుమారు 100 కిలోమీటర్ల రోడ్డు ఉంది. అక్కణ్నుంచి పడవ. నౌటాకు దగ్గర్లోనే మరన్యోన్, ఉకయాలి నదులు కలుస్తాయి. ఆ సంగమం నుంచే పెరూలో ఆ నదికి అమెజాన్ అని పేరు. మా లాడ్జ్ పకాయా-సమీరియా అనే రక్షిత అడవికి, అంటే రిజర్వుకు, ఆనుకుని ఉంది. ఆ రిజర్వు విస్తీర్ణం 20,000 చదరపు కిలోమీటర్లకు పైనే. వానలు బాగా కురిసిన కాలంలో అందులో చాలా భాగం అడవి అడవిగానే నీట మునుగుతుంది. మేం వెళ్లేసరికి నీళ్లు తగ్గుతున్నాయి. చెట్ల మొదళ్ల మీద బురద చార ఒకటి, పడవలో కూర్చున్న మా తలలకంటే పైన, గీత గీసినట్టు ఉంది. అంత ఎత్తున నీళ్లున్నప్పుడు డాల్ఫిన్లు ఆ చెట్ల మధ్యే ఈదుతూ చేపలు పడతాయని గైడ్ చెప్పాడు. గులాబీ డాల్ఫిన్ మెడ ఎముకలు ఒకదానికొకటి అతుక్కుని ఉండవు కాబట్టి తలను పక్కకు తిప్పగలదు. కొమ్మల మధ్య తిరగడానికి ఆ మెడే దానికి ఆధారం.

ఈ గైడ్ ఆ నది ఒడ్డు పల్లెలోనే పుట్టినవాడు. రెండు పాయలు కలిసేచోట, నీళ్ల రంగు మారే గీతకు కాస్త ఇవతల, ఇంజిన్ ఆపించేశాడు. పడవ నడిపేవాడు తెడ్డు పైకెత్తి పట్టుకున్నాడు. దాని చివర నుంచి చుక్కలు పడే చప్పుడు కూడా వినిపిస్తోంది. పది నిమిషాలు ఏమీ లేదు. అమ్మ చీర కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. అప్పుడు మా వెనక, విజిల్ వేయడానికి ముందు కుక్కర్ ఆవిరి వదిలినట్టు ఒక చప్పుడు. తిరిగి చూసేసరికి గుండ్రటి నుదురు, దాని వెనకే పొడవాటి వీపు. దాని మీద నిటారుగా పొడుచుకొచ్చిన రెక్క లేదు, చిన్న గట్టులాంటిదే ఉంది. ఆ రంగు బొమ్మల్లో వేసే గులాబీ కాదు. దెబ్బ మానాక కొత్తగా వచ్చే చర్మం ఉంటుంది చూడండి, అచ్చం అది. పిల్లలు ముదురు బూడిదరంగులో పుడతాయట, పెరిగేకొద్దీ రంగు విడుస్తుంది. మగవాటిలో ఎక్కువ గులాబీగా కనబడటానికి పోట్లాటల్లో పడ్డ గాయాల మచ్చలూ ఒక కారణమని గైడ్ అన్నాడు. కాసేపటికి చిన్నవి రెండు, వీపు మీద త్రికోణపు రెక్కలున్నవి, గాల్లోకి ఎగిరి పడ్డాయి. అవి టుకుషి అనే ఇంకో జాతి. ఒకే నీళ్లలో రెండు జాతులూ ఉంటాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను ఫోను తీయడమే మర్చిపోయాను.

అక్కడివాళ్లు గులాబీ డాల్ఫిన్‌ను బుఫేయో అంటారు. రాత్రిళ్లు టోపీ పెట్టుకున్న అందగాడిగా మారి పండగలకు వస్తుందనీ, నెత్తి మీద ఊపిరి రంధ్రం కనబడకుండా ఆ టోపీ అనీ చెప్పుకుంటారు. ఆ భయంతో దాని జోలికి పోనివాళ్లు ఉన్నారు. కానీ వలల్లో చిక్కి చచ్చేవీ, చేపలకు ఎరగా చంపబడేవీ ఉన్నాయి. 2023 కరువులో బ్రెజిల్‌లోని టెఫే సరస్సు నీళ్లు 39 డిగ్రీలు దాటి కాగి, 150కి పైగా డాల్ఫిన్లు చచ్చిపోయాయి. అందులో రెండు జాతులూ ఉన్నాయి. ఇప్పుడు రెండూ అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోనే ఉన్నాయి.

ఇక బస సంగతి. లాడ్జ్ గదులు కర్రల మీద ఎత్తుగా కట్టినవి, కిటికీలకు అద్దాలు లేవు, దోమల జాలీలే. కరెంటు సాయంత్రం కొన్ని గంటలే, స్నానానికి చన్నీళ్లే. ఏసీ లేకపోతే కష్టం అనుకునేవాళ్లు ఇకిటోస్‌లోనే ఉండటం మంచిది. దోమతెరలు మాత్రం చిరుగు లేకుండా శుభ్రంగా ఉన్నాయి. అమ్మ శాకాహారి అని ముందే రాశాం. రోజూ అన్నం, చిక్కుడు గింజల కూర, వేయించిన అరటికాయ, ఉడికించిన కర్రపెండలం పెట్టారు. ఆమె ఇష్టంగానే తింది. నేను హువానె తిన్నాను. అన్నం, కోడిమాంసం బిహావో ఆకులో మూటకట్టి ఉడికిస్తారు. విప్పుతుంటే ఆకు వాసన మన పొట్టిక్కలను గుర్తుచేసింది. రిజర్వు ప్రవేశ రుసుము మాత్రం ప్యాకేజీలో కలవలేదు, విడిగా కట్టాం. బుక్ చేసేటప్పుడే అడగండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే రేవుల గురించి కూడా అడగండి. నీళ్లు తగ్గాక ఒడ్డు నిలువుగా ఉంటుంది. బురదలో కొట్టిన మెట్లు ఎక్కడానికి అమ్మకు ఇద్దరు చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది.

ముఖ్యమైన మాట ఒకటి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోండి, ఆ సర్టిఫికెట్ పాస్‌పోర్ట్‌తోనే పెట్టుకోండి. పెరూ వదిలిన 6 రోజుల్లోపు ఇండియాలో దిగితే అది అడుగుతారు. లేకపోతే క్వారంటైన్. 60 దాటినవాళ్లు మాత్రం టీకాకు ముందు డాక్టరును తప్పకుండా అడగాలి.

లాడ్జ్‌కు పెట్టిన డబ్బు ఆ మూడు గంటల ట్రిప్పుకు ఎన్నో రెట్లు. అయినా మళ్లీ వెళ్తే లాడ్జ్‌కే వెళ్తాను, ఇంకో రాత్రి ఎక్కువ ఉంటాను. బుక్ చేసే ముందు నేను అడిగే మొదటి ప్రశ్న గది గురించి కాదు: డాల్ఫిన్ కనబడితే మీ పడవ ఏం చేస్తుంది? "దగ్గరికి తీసుకెళ్తాం, మేత వేస్తాం" అంటే వద్దని చెప్పేస్తాను.

చివరి రాత్రి కరెంటు పోయాక దోమతెరల్లో పడుకుని ఉన్నాం. కప్పల గోలలో నాకు ఇంకేమీ వినబడటం లేదు. అమ్మ నిద్రపోయిందనే అనుకున్నాను.

"అదిగో, వచ్చిందే" అంది చీకట్లో. కింద పాయలోంచి అదే ఆవిరి చప్పుడు.