తిరుపతి జూకి రెండు గంటలు చాలవు, ఒక పూటంతా పెట్టుకోండి

తిరుపతికి వచ్చి వెళ్ళిన పిల్లల్ని ఏం చూశారని అడిగితే క్యూ లైను, కంపార్ట్‌మెంటు, లడ్డు, తిరుగు రైలు, అంతే చెప్తారు. ఇక్కడే ఉండేదాన్ని కాబట్టి ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈసారి దసరా సెలవులకి హైదరాబాద్ నుంచి మా అన్న, వదిన, పిల్లలు వస్తున్నామని ఫోన్ చేసినప్పుడే చెప్పేశాను, దర్శనం అయ్యాక రెండు రోజులు పిల్లల్ని నాకు వదిలేయండి, నేను తిప్పుతాను అని. మేనల్లుడికి పన్నెండేళ్ళు, మేనకోడలికి ఆరు. వాళ్ళతో పాటు మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ కూడా బయల్దేరింది.

మొదటి రోజు శ్రీవేంకటేశ్వర జూ పార్కు. 1987లో పెట్టారు, మొత్తం 5,532 ఎకరాలు, శేషాచలం కొండల కిందనే. అందులో చాలా మటుకు అడివే. ఇది తెలియక చాలామంది దర్శనానికీ రైలుకీ మధ్య రెండు గంటలు మిగిలితే చూసేద్దామని వస్తారు, చంటిపిల్లల్ని ఎత్తుకుని ఎండలో సగం దూరం నడిచి, పులి కనపడకముందే వెనక్కి తిరుగుతారు. దయచేసి అలా చేయకండి. పొద్దున గేటు తెరిచే టైముకే వెళ్ళండి. అప్పుడు చల్లగా ఉంటుంది, జంతువులు కూడా లేచి తిరుగుతూ ఉంటాయి. పదకొండు దాటిందంటే అన్నీ నీడ చూసుకుని పడుకుంటాయి.

లోపల బ్యాటరీ బండి ఉంది, అద్దెకి సైకిళ్ళు ఉన్నాయి. అమ్మ, వదిన, చిన్నది బండెక్కారు, అన్న, మేనల్లుడు, నేను సైకిళ్ళు తీసుకున్నాం. పెద్ద పిల్లలుంటే మాత్రం సైకిలే తీసుకోండి, రెండు పక్కలా చెట్లు, ముందు నెమలి అడ్డంగా పోతుంటే ఆగి చూసి మళ్ళీ తొక్కడం, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ సెల్లార్లో తొక్కే పిల్లోడికి అదే పెద్ద పండగ.

మొసలి దగ్గర మేము అరగంట ఉండిపోయాం. నోరు బార్లా తెరుచుకుని కదలకుండా పడుకుంది. "అత్తా, ఇది బొమ్మ కదా" అంది చిన్నది. కాదు, చూస్తూ ఉండు అన్నాను. కమ్మీ పట్టుకుని అది చూస్తూనే ఉంది, కాసేపటికి మొసలి కంటి మీద పల్చటి పొర ఒకటి అడ్డంగా జరిగి వెనక్కి పోయింది. చిన్నది కేక పెట్టింది. మొసలికి మనలాగా చెమట పట్టదు, ఒళ్ళు వేడెక్కినప్పుడు నోరు తెరిచి చల్లబరుచుకుంటుందని చెబితే, అక్కణ్ణించి కనపడిన ప్రతి జంతువుకీ చెమట పడుతుందా అని అడగడమే. తెల్లపులి నీళ్ళ తొట్టి దగ్గర వంగి తాగుతుంటే ఆ నాలుక చప్పుడు మాకు వినిపించింది. అది వేరే జాతేమీ కాదు, మన బెంగాల్ పులే, జన్యువుల్లో తేడా వల్ల ఆ రంగు వస్తుందని చెప్పేసరికి మేనల్లుడు ఫోన్ జేబులో పెట్టి బోర్డులు చదవడం మొదలుపెట్టాడు. సింహాల సఫారీ బస్సు కూడా ఎక్కండి, కిటికీ పక్క సీటు పిల్లలకి ఇవ్వండి.

జూకి నేనిచ్చేది ఐదుకి ఐదు. మంగళవారం సెలవు, అది గుర్తుపెట్టుకోండి.

ఆ రోజు ఇబ్బంది పడింది ఊరంతా తిరగడానికి మాట్లాడుకున్న అద్దె బండి దగ్గరే. ఫోన్లో ఒక రేటు మాట్లాడుకున్నాం, తీరా ఎక్కాక వెయిటింగ్ వేరే అన్నాడు డ్రైవరు. మేము లోపల ఉండగానే "ఇంకా ఎంతసేపు" అని నాలుగు సార్లు ఫోన్ చేశాడు, అన్నకి ఒకటే టెన్షన్. పిల్లలతో వచ్చినప్పుడు ఆ తొందర ఉండకూడదు. జూకి ఎన్ని గంటలు, తర్వాత వెళ్ళే చంద్రగిరి కోటకి ఎన్ని గంటలు, వెయిటింగ్ కలిపి ఎంత, ఇవన్నీ ఎక్కకముందే మాట్లాడుకోండి.

ఇంటి నుంచి తెచ్చుకున్న చిత్రాన్నం, పెరుగన్నం బయటికొచ్చి చెట్టు కింద కూర్చుని తిన్నాం. తర్వాత అటే చంద్రగిరి కోటకి. మధ్యాహ్నం ఎండలో కోటేంటి అంది వదిన, కానీ రాజమహల్ లోపలికి అడుగు పెట్టాక ఆ మాట మళ్ళీ అనలేదు. గోడలు అంత మందం, లోపల చల్లగా ఉంటుంది. ఇంత పెద్ద మేడ కట్టడానికి కర్ర వాడలేదు, రాయి, ఇటుక, సున్నంతోనే లేపారు. లోపలే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, విగ్రహాలు, కత్తులు చూడొచ్చు, శుక్రవారం మూస్తారు. విజయనగర రాజులు చివరి రోజుల్లో ఇక్కడి నుంచే ఏలారు. వాళ్ళ కింద ఉన్న దామర్ల నాయకుడు 1639లో ఇంగ్లీషు కంపెనీకి సముద్రం ఒడ్డున కాస్త చోటిచ్చాడు, మద్రాసు అక్కడే మొదలైంది. ఇది చెప్తే మేనల్లుడు, "మద్రాసు మన చంద్రగిరి వాళ్ళు ఇచ్చిందా?" అని వాళ్ళ నాన్నని రెండుసార్లు అడిగాడు. మన చంద్రగిరి అన్నాడు చూడండి, నాకు అక్కడే కడుపు నిండిపోయింది.

రెండో రోజు తలకోన. భాకరాపేట ఘాట్ మీదుగా సుమారు గంటన్నర, మలుపులు ఎక్కువ, పిల్లలకి పొద్దున ఇడ్లీ తప్ప ఇంకేం పెట్టకండి. జలపాతం ఎత్తు 270 అడుగులు, మన రాష్ట్రంలో ఇంతకంటే ఎత్తైనది లేదు. వానలు పడ్డాక, అంటే అక్టోబర్, నవంబర్‌లో వస్తే నిండుగా దూకుతుంది. అమ్మ సిద్ధేశ్వర స్వామి గుడి దగ్గరే కూర్చుంది, ఆమెకి ఆ చల్లగాలి, ఆ చెట్లు చాలు. మేము పైకి నడిచాం. దారిలో గిల్లతీగలు చెట్లని చుట్టుకుని మనిషి తొడంత లావు ఉన్నాయి, వాటికి నా చెయ్యంత పొడవు కాయలు. కోతుల సంగతి మాత్రం జాగ్రత్త. చిన్నదాని చేతిలో ఉడకబెట్టిన చెనిక్కాయల పొట్లం ఉంటే ఒకటి వచ్చి నెమ్మదిగా వేళ్ళు విప్పి తీసుకుపోయింది. పిల్ల ఏడవలేదు గానీ గంటసేపు మాట్లాడలేదు. ఏ తినే వస్తువైనా సంచిలో పెట్టి జిప్ వేసేయండి.

నీళ్ళ కింద రాళ్ళు పాచి పట్టి జారతాయి. లోతు మడుగుల్లోకి పెద్దవాళ్ళు కూడా దిగొద్దు, ఎంత ఈత వచ్చినా సరే. అంచున, మోకాలి లోతులో కూర్చుని తడిసినా పిల్లలకి అదే చాలు. మార్చుకోవడానికి బట్టలు ఒకటి కాదు, రెండు జతలు పెట్టుకోండి, మావాళ్ళు మార్చిన పది నిమిషాలకే మళ్ళీ దిగారు.

వాన పడి బయటికి పోలేకపోతే అలిపిరి వైపు రీజనల్ సైన్స్ సెంటర్ ఉంది, పిల్లలకి పూట గడిచిపోతుంది. హార్స్‌లీ కొండలకి ఈసారి కుదరలేదు. సంక్రాంతికి వస్తామన్నారు, అప్పుడు అక్కడికే, బండి మాత్రం వేరే వాళ్ళది మాట్లాడతాను.