సెంట్రిఫ్యూజ్, ప్యూర్‌గ్రాఫ్ట్, రివాల్వ్: రొమ్ము పునర్నిర్మాణంలో కొవ్వు శుభ్రం చేసే పరికరాల్లో ఏది దేనికి పనికొస్తుంది

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక పొట్ట నుంచో తొడల నుంచో కొవ్వు తీసి, శుభ్రం చేసి, ఛాతీలోకి ఎక్కించడమే ఫ్యాట్ గ్రాఫ్టింగ్. తీయడానికి, ఎక్కించడానికి వాడే కాన్యులాలు (సన్నని గొట్టాలు) ఎక్కడైనా దాదాపు ఒకటే. మధ్యలో శుభ్రం చేసే పరికరం దగ్గరే ఆసుపత్రికీ ఆసుపత్రికీ తేడా వస్తుంది, బిల్లు పెరిగేదీ అక్కడే. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ చోటు ఆ పరికరాలకే ఇస్తున్నాం. మా అభిప్రాయం ముందే చెబుతున్నాం: పరికరం వల్ల సమయం కలిసొస్తుంది, కొవ్వు శుభ్రంగా దొరుకుతుంది. ఆ కొవ్వు బతుకుతుందా లేదా అన్నది మాత్రం చాలావరకు ఎక్కించే చేతి మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు కొలతలు చూడాలి. ఎక్కించిన కొవ్వుకు మొదటి కొన్ని రోజులు సొంత రక్తనాళాలు ఉండవు. చుట్టూ ఉన్న కణజాలం నుంచి ఊరివచ్చే ఆక్సిజన్‌తోనే గడపాలి. టోక్యోలో యోషిమురా బృందం 2012లో ప్రచురించిన పని ప్రకారం, ఎక్కించిన కొవ్వు ముద్ద అంచు నుంచి సుమారు 0.3 మిల్లీమీటర్ల లోపు ఉన్న కణాలే అచ్చంగా బతుకుతాయి. దాని లోపలి పొరలో పాత కణాలు చచ్చినా, తట్టుకుని నిలిచిన మూలకణాల నుంచి కొత్తవి పుడతాయి. ఇంకా లోపలికి పోతే ఏదీ మిగలదు, ఆ చోటు నూనెగానో మచ్చగానో మారుతుంది.

ఇక లెక్క వేయండి. 10 సెంటీమీటర్ల పొడవున్న సొరంగంలో 1 మి.లీ. కొవ్వు వదిలితే దాని మందం సుమారు 3.6 మిల్లీమీటర్లు అవుతుంది. అంత లావు పోగు నడిబొడ్డుకు ఆక్సిజన్ అందదు. అదే 0.3 మి.లీ. వదిలితే మందం 2 మిల్లీమీటర్లకు కాస్త లోపే ఉంటుంది, బతికే అవకాశం బాగా పెరుగుతుంది. ఈ లెక్కన 200 మి.లీ. ఎక్కించాలంటే అలాంటి సొరంగాలు 600కు పైగా కావాలి. ఒక్కో సొరంగంలో కాన్యులాను వెనక్కి లాగుతూనే కొవ్వు వదలాలి, ఒకే రంధ్రం నుంచి కాకుండా నాలుగైదు చోట్ల నుంచి, వేర్వేరు లోతుల్లో విసనకర్ర మడతల్లా పరుచుకుంటూ పోవాలి. తీసిన కొవ్వు సిద్ధంగా ఉన్నా సరే, 200 మి.లీ.ను పది నిమిషాల్లో ఎక్కించేశారంటే అది ముద్దలుగానే పడిందని అర్థం.

అన్నిటికన్నా చౌకైన పద్ధతి సిరంజిలను నిలువుగా 10, 15 నిమిషాలు ఉంచి, అడుగున దిగిన నీళ్లను, రక్తాన్ని వదిలేయడం. ఖర్చు ఏమీ ఉండదు, కణాలకు దెబ్బ తగలదు. చిక్కల్లా కొవ్వులో ఇంకా బోలెడు నీరు మిగిలిపోవడం. 200 మి.లీ. ఎక్కించామని రాసుకుంటారు గానీ అందులో కొంత నీరే, అది వారంలో ఒంట్లో కలిసిపోతుంది. తర్వాత 'సగం కరిగిపోయింది' అని బాధపడతారు. ఒక డాక్టరు చెప్పిన నిలుపుదల శాతాన్ని ఇంకొకరు చెప్పిన దానితో పోల్చేటప్పుడు ఏ పద్ధతిలో శుభ్రం చేశారో అడగకపోతే ఆ అంకెలకు విలువే లేదు.

సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పే యంత్రం) పద్ధతిని న్యూయార్క్‌కు చెందిన సిడ్నీ కోల్‌మన్ స్థిరపరిచారు. 10 మి.లీ. సిరంజితో, పిస్టన్‌ను ఒకటి రెండు మి.లీ. మాత్రమే వెనక్కి లాగి పట్టుకుని, మెల్లగా కొవ్వు తీయాలి. నిమిషానికి 3000 చుట్ల వేగంతో 3 నిమిషాలు తిప్పాలి. పైన నూనె, మధ్యలో కొవ్వు, అడుగున రక్తం కలిసిన నీరు తేరుతాయి. అడుగుది వదిలేసి, పైనున్న నూనెను దూది పట్టీతో పీల్చాలి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. 3000 అనే అంకె యంత్రాన్ని బట్టి మారిపోతుంది. రోటర్ (సిరంజిలను తిప్పే భాగం) వ్యాసార్థం పెద్దదైతే అదే వేగానికి కొవ్వు మీద పడే బలం పెరుగుతుంది. ల్యాబ్‌లో రక్తపరీక్షలకు వాడే యంత్రం తెచ్చి అదే అంకె పెడితే కణాలు చితికిపోవచ్చు. చూసుకోవాల్సింది సుమారు 1200 జి (భూమ్యాకర్షణకు 1200 రెట్లు) బలం. చిన్న గుంటలు సరిచేయడానికి, 100 మి.లీ. లోపు పనికి ఈ పద్ధతిని మించింది లేదని మా అభిప్రాయం. 300 మి.లీ. కావాలంటే మాత్రం కనీసం 30 సిరంజిలు నింపి, తిప్పి, వంచాలి. అంతసేపు కొవ్వు గాలికి ఆరుతూ ఉంటుంది, థియేటర్ గడియారం పరుగెడుతూ ఉంటుంది.

ప్యూర్‌గ్రాఫ్ట్ అనేది వడపోత పొరలున్న సంచి. 50, 250, 850 మి.లీ. సైజుల్లో వస్తుంది. మొదట సైటోరి కంపెనీ చేసింది, 2013లో బిమిని టెక్నాలజీస్ చేతికి వెళ్లింది. కొవ్వును సంచిలోకి ఎక్కించి, రింగర్ లాక్టేట్ (సెలైన్ లాంటి ద్రవం) పోసి, చేత్తో మెల్లగా కలిపి, కిందికి వడిసిపోనివ్వాలి. ఇలా రెండుసార్లు కడిగితే రక్తం, మత్తుమందు, చితికిన కణాల నుంచి కారిన నూనె చాలావరకు పోతాయి. మొదటి నుంచి చివరిదాకా మూసిన వ్యవస్థే కాబట్టి గాలి తగలదు. దీనిలో మాకు నచ్చిన విషయం, వడిసే సమయాన్ని బట్టి కొవ్వు ఎంత పొడిగా ఉండాలో నిర్ణయించుకోగలగడం. జాగ్రత్త పడాల్సిందీ అక్కడే. మరీ ఎక్కువసేపు వడిస్తే కొవ్వు గట్టిపడి సన్న కాన్యులాలో అడ్డుపడుతుంది. అప్పుడు పిస్టన్‌ను బలంగా నొక్కితే ఒక్కసారిగా 2, 3 మి.లీ. ముద్ద లోపల పడిపోతుంది. ఆయిల్ సిస్టుకు (చచ్చిన కొవ్వు నూనెగా మారి నిండిన తిత్తికి) అక్కడే పునాది పడుతుంది.

రివాల్వ్‌ను లైఫ్‌సెల్ తెచ్చింది. 2017లో ఆ కంపెనీని అలర్గన్ కొంది, 2020లో అలర్గన్ ఆబ్‌వీలో కలిసింది. ఇది లైపోసక్షన్ (కొవ్వును పీల్చి తీసే) గొట్టానికే తగిలించే డబ్బా. తీస్తున్న కొవ్వు నేరుగా ఇందులోకే వస్తుంది, లోపలి జల్లెడ మీద ఆగుతుంది. గోరువెచ్చని రింగర్ లాక్టేట్ పోసి పైనున్న పిడి తిప్పితే కొవ్వు కడుక్కుంటుంది, పీచులన్నీ లోపలి రెక్కలకు చుట్టుకుంటాయి. ఈ పీచులు పోవడమే దీని అసలు బలం. కాన్యులాలో అడ్డుపడేది చాలాసార్లు అవే. రెండు రొమ్ములకూ కలిపి పెద్ద మోతాదులో చేసేటప్పుడు గంటల తరబడి పట్టే పనిని ఇది బాగా తగ్గిస్తుంది. కాకపోతే ఒకసారి వాడి పారేసేదే. 40 మి.లీ. గుంట పూడ్చడానికి ఇది తెరవడం శుద్ధ దండగ. అలాంటి చిన్న పనికి ఎస్టిమేట్‌లో దీని పేరు కనబడితే ఎందుకని అడగాల్సిందే.

ఈ పద్ధతుల్లో మనుషుల్లో కొవ్వును ఖచ్చితంగా ఎక్కువ నిలిపేది ఇదేనని నిరూపణ అయింది ఏదీ లేదు. మోతాదు చిన్నదైతే సెంట్రిఫ్యూజ్, మధ్యస్థమైతే సంచి, పెద్దదైతే రివాల్వ్ ఎంచుకోవాలని మేం చెబుతాం. ఏ పరికరమూ లేని ఆసుపత్రిలో ఓపికగా సన్నపోగులు పరిచే సర్జన్ దొరికితే, పరికరం ఉండి తొందరపడే చోటి కన్నా అదే మేలు.

ఇప్పుడు 'స్టెమ్ సెల్స్ (మూలకణాలు) కలిపిన కొవ్వు' సంగతి. దీని గురించి గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే క్యాన్సర్ నుంచి ఇప్పుడిప్పుడే తేరుకున్న మనిషికి ఈ మాట అమ్మడం చాలా తేలిక. ప్యాకేజీలు అమ్మేవాళ్లు తరచూ చూపించేది కోపెన్‌హాగన్ నుంచి 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం. అందులో 121 రోజులకు, మూలకణాలు కలిపిన కొవ్వు 80.9 శాతం మిగిలింది, కలపనిది 16.3 శాతమే మిగిలింది. చూడగానే కళ్లు తిరిగే తేడా. అయితే అది 10 మంది ఆరోగ్యవంతుల చేతుల్లో చేసిన ప్రయోగం. 30 మి.లీ.ను ఒకే ముద్దగా పెట్టారు, అందుకే మామూలు కొవ్వు అంతగా చచ్చింది. పైగా కలిపిన కణాలు ల్యాబ్‌లో పెంచి, కోట్ల సంఖ్యకు తెచ్చినవి. ఆపరేషన్ టేబుల్ పక్కన గంటలో తీసి కలిపే కణాలు వేరు, అవి వేరు. టేబుల్ పక్కన ఎంజైముతో విడదీసిన కణాలతో రొమ్ములో చేసిన రెస్టోర్-2 అధ్యయనంలో 67 మంది ఉన్నారు, పోల్చడానికి మామూలు కొవ్వు ఎక్కించిన జట్టు లేదు.

మన దేశంలో పరిస్థితి స్పష్టంగానే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త మూలకణాల మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ చికిత్సలు అనుమతి పొందిన పరిశోధనలో భాగంగానే జరగాలి, రోగి దగ్గర వాటికి డబ్బు తీసుకోకూడదు. కాబట్టి మామూలు కొవ్వు ఎక్కించి దానికి స్టెమ్ సెల్ పేరు పెట్టి ఎక్కువ వసూలు చేస్తున్నారో, నిజంగానే కణాలు విడదీసి నిబంధన దాటుతున్నారో, రెండూ కొనదగ్గవి కావు. నానోఫ్యాట్ సంగతి వేరు. కొవ్వును రెండు సిరంజిల మధ్య 30 సార్లు అటూ ఇటూ నెట్టి పాలలా చేసి వడగడతారు. అందులో కొవ్వు కణాలు దాదాపు మిగలవు కాబట్టి పరిమాణం పెరగదు. చర్మం నాణ్యత కోసం వాడేది అది, గుంటలు నింపడానికి కాదు.

అలాగని కొవ్వు దెబ్బతిన్న కణజాలాన్ని పునరుజ్జీవింపజేస్తుందన్న మాటే అబద్ధం కాదు. రేడియేషన్ తగిలిన చర్మం అట్టలా గట్టిపడి, పక్కటెముకలకు అతుక్కుపోయి ఉంటే మామూలు కొవ్వే దాన్ని మెత్తబరుస్తుంది. ఇటలీలో రిగోట్టి బృందం 2007లో 20 మందిలో దీన్ని చూపించింది. ఈ పద్ధతిలో మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. రేడియేషన్ ముగిశాక సాధారణంగా ఆరు నెలలైనా ఆగాలి. మొదటి విడతలో కొంచెమే ఎక్కించాలి, ఎందుకంటే బిగుసుకున్న చర్మం కింద చోటుండదు. చోటు లేని దగ్గర కుక్కితే లోపలి ఒత్తిడి పెరిగి రక్తం ఆడదు, పెట్టినదంతా పోతుంది. మచ్చ పట్టేసిన చోట సూదితో జల్లెడలా పొడిచి సడలిస్తారు. అతిగా పొడిస్తే లోపల ఖాళీ గది ఏర్పడి, కొవ్వు అందులో ముద్దగా చేరుతుంది. విడతకూ విడతకూ మధ్య కనీసం మూడు నెలలు ఉండాలి, అప్పటికిగానీ వాపు పోయి ఎంత నిలిచిందో తెలియదు.

మొత్తం రొమ్మును కొవ్వుతోనే కట్టవచ్చా? కట్టవచ్చు, కానీ ఒకసారికి అయ్యే పని కాదు. నెదర్లాండ్స్‌లో 7 ఆసుపత్రుల్లో 193 మందితో జరిగి 2023లో జామా సర్జరీ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, బయట నుంచి చర్మాన్ని సాగదీసే పరికరం వాడి, విడతలుగా కొవ్వు ఎక్కించినవారు ఏడాది తర్వాత ఇంప్లాంట్ (లోపల అమర్చే కృత్రిమ రొమ్ము) పెట్టించుకున్నవారి కన్నా జీవన నాణ్యతలో మెరుగ్గా ఉన్నారు. ఆ సాగదీసే పరికరాన్ని రోజూ గంటల తరబడి పెట్టుకోవాలి. ఒంట్లో కొవ్వు తక్కువున్న సన్నని మనిషికి, పొగ తాగేవారికి, నాలుగైదుసార్లు థియేటర్‌కు రాలేనివారికి ఈ దారి సరిపడదు. వారికి ఇంప్లాంటో, పొట్ట కణజాలంతో చేసే ఫ్లాపో మంచిది. వాటి అంచుల్లో పడే గుంటలు, ఇంప్లాంట్ మీద కనిపించే ముడతలు సరిచేయడానికి తర్వాత కొవ్వు వాడుకోవచ్చు.

వచ్చే సమస్యల్లో ఎక్కువగా కనబడేవి ఆయిల్ సిస్టులు, గట్టి గడ్డలు, కాల్షియం చుక్కలు. చాలావరకు హాని చేయవు గానీ, క్యాన్సర్ వచ్చి పోయిన చోట చేతికి కొత్త గడ్డ తగిలితే ఆ మనిషికి నిద్ర పట్టదు. అల్ట్రాసౌండ్ చేయించాలి, అనుమానం తీరకపోతే సూది బయాప్సీ చేయించాలి. 'కొవ్వు గడ్డే, వదిలేయండి' అని చేత్తో తాకి చెప్పే మాట ఒప్పుకోవద్దు. ఇన్‌ఫెక్షన్ అరుదు. మాస్టెక్టమీ (రొమ్ము మొత్తం తీసేసే ఆపరేషన్) తర్వాత పలచబడ్డ ఛాతీ గోడలో కాన్యులా గుచ్చుకుని ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం ఇంకా అరుదు. ఇంప్లాంట్ ఉన్నచోట మొద్దు మొన కాన్యులానే వాడాలి, లేకపోతే ఇంప్లాంట్ చిరగవచ్చు.

క్యాన్సర్ తిరగబెడుతుందేమోనన్న భయం ఈ పద్ధతిని చాలాకాలం ఆపింది. 1987లో అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల సంఘం రొమ్ములో కొవ్వు ఎక్కించవద్దంది. 2009లో ఆ వైఖరి మార్చుకుంది. ఆ తర్వాత వచ్చిన పెద్ద పోలిక అధ్యయనాల్లో మొత్తమ్మీద ముప్పు పెరిగినట్టు తేలలేదు. అయినా రొమ్ము కణజాలం మిగిలి ఉన్న లంపెక్టమీ (గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్) కేసుల్లో ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు) ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి, ముందే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించి దాచుకోవాలి.

ఇంటికొచ్చాక కొవ్వు తీసిన చోట ఒత్తిడి బట్ట నాలుగు నుంచి ఆరు వారాలు వేసుకోవాలి. ఎక్కించిన చోట మాత్రం బిగుతు బ్రా గానీ, ఐస్ గానీ, మసాజ్ గానీ వద్దు. బోర్లా పడుకోకూడదు. బరువు నిలకడగా ఉండేలా చూసుకోవాలి. ఎక్కించిన కొవ్వు పొట్టదో తొడలదో కాబట్టి మనిషి లావైతే అదీ పెరుగుతుంది, చిక్కితే అదీ తగ్గుతుంది.

డబ్బు విషయం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధనల్లో కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీకి ఉన్న మినహాయింపు క్యాన్సర్ తర్వాతి పునర్నిర్మాణానికి వర్తించదు. ముందస్తు అనుమతి కాగితంలో 'లైపోసక్షన్' అని మాత్రమే రాస్తే సౌందర్య చికిత్స అనుకుని తిప్పికొట్టే ప్రమాదం ఉంది. 'రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత పునర్నిర్మాణం' అని రాయించుకుని, పాత బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ నోట్ జతచేయాలి. రెండు, మూడు విడతలు అవసరమని మొదటి కాగితంలోనే ఉంటే తర్వాత వాదన తక్కువ. అమెరికాలో ఉన్న తెలుగువారికి 1998 నాటి చట్టం ఉంది. మాస్టెక్టమీకి చెల్లించే బీమా పునర్నిర్మాణపు అన్ని దశలకూ, రెండో రొమ్మును సరిసమానం చేయడానికీ చెల్లించాలి.

డిశ్చార్జ్ సమ్మరీలో ఇవి రాసి ఉన్నాయో లేదో చూసుకోండి: కొవ్వు ఎక్కడ నుంచి తీశారు, ఏ పద్ధతిలో శుభ్రం చేశారు, శుభ్రం చేశాక ఏ రొమ్ములో ఏ భాగంలో ఎన్ని మి.లీ. ఎక్కించారు, ఏ తేదీన. రెండేళ్ల తర్వాత మామోగ్రామ్‌లో ఒక తెల్లచుక్క కనబడినప్పుడు రేడియాలజిస్టు ముందుగా అడిగేది ఈ కాగితమే.