జాగ్రత్త: "ర్యామ్ తర్వాత వేయించుకోవచ్చు" అన్న మాట నమ్మి ల్యాప్‌టాప్ కొనకండి

పోయిన వారం విజయవాడలో పని ఉండి వెళ్తే, నేను ల్యాప్‌టాప్ కొన్న షాపు ముందు నుంచే రావాల్సి వచ్చింది. అద్దాల్లో అదే మోడల్, దాని మీద అదే పసుపు స్టిక్కర్. ర్యామ్ (పని చేసేటప్పుడు మెషిన్ వాడుకునే మెమరీ) 4జీబీ అని చిన్నగా, 1టీబీ అని బొటనవేలంత అక్షరాలతో. కాలేజీలు తెరిచే రోజులు కదా, లోపల జనం కూడా బాగానే ఉన్నారు. అందుకే ఇది రాస్తున్నాను. పాతిక వేల లోపు కొత్త ల్యాప్‌టాప్ చూస్తున్నవాళ్లు డబ్బు కట్టే ముందు చదవండి. షాపు పేరు, కంపెనీ పేరు రాయను, కంప్లయింట్ ఇంకా నడుస్తోంది. అయినా ఈ సరుకు ఒక్క షాపులో, ఒక్క కంపెనీలో ఉండేది కాదు.

మాది గుంటూరు. ఇంట్లోనే కూర్చుని చిన్న షాపులకు లెక్కలు రాస్తాను. రెండు కిరాణా షాపులు, ఒక ఫ్యాన్సీ షాపు, పట్నంబజారులో ఒక మిర్చి వ్యాపారి. ట్యాలీలో ఎంట్రీలు, నెలనెలా జీఎస్టీ రిటర్నులు, వాట్సాప్‌లో వచ్చే బిల్లుల ఫొటోలు, కాస్త ఎక్సెల్. ఇంతకుమించి నా పని లేదు. పాత డెస్క్‌టాప్ ఒక ఉరుముల వానలో పోయింది. ఈ పాటి పనికి యాభై వేలు ఎందుకు పెట్టాలి అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను, ఆ లెక్కలో తప్పు లేదు.

గుంటూరు కంటే అక్కడ రేటు తక్కువని ఎవరో చెబితే నేనూ మా ఆయనా బస్సెక్కి విజయవాడ వెళ్లాం. కౌంటర్‌లో కుర్రాడు ఈ మోడల్ తీసి పెట్టాడు. తేలిగ్గా ఉంది, చూడ్డానికి ముచ్చటగా ఉంది, 21,500. నేను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "4 జీబీ ర్యామ్ సరిపోతుందా బాబూ?"

"ఇప్పటికి చాలు మేడమ్. తర్వాత స్లో అనిపిస్తే ఇంకో నాలుగు వేయించుకోండి, రెండు వేలు కూడా అవదు."

మా ఆయన స్టిక్కర్ చూపించి, "1టీబీ ఉంది, నీ జన్మలో నిండదు" అన్నారు. కొనేశాం.

ఇంటికొచ్చి తెరిస్తే సి డ్రైవ్ 57 జీబీ చూపించింది. మిగతా డ్రైవ్‌లు ఎక్కడో దాక్కున్నాయేమో అని అరగంట వెతికాను. విషయం ఏంటంటే, మెషిన్‌లో ఉన్నది 64 జీబీ మాత్రమే. ఆ 1టీబీ ఆన్‌లైన్‌లో ఇచ్చే వన్‌డ్రైవ్ జాగా, అదీ ఒక సంవత్సరం సబ్‌స్క్రిప్షన్‌తో. ఏడాది తిరిగాక మళ్లీ డబ్బు కట్టాలి. అట్టపెట్టె మీద కంపెనీ వేసిన లేబుల్ చూస్తే అంతా సరిగ్గానే రాసి ఉంది, 64 జీబీ ఈఎంఎంసీ (చవకరకం, నెమ్మదైన స్టోరేజీ) అని. షాపు వాళ్లు అంటించిన స్టిక్కర్ మీదే ఆ ముక్క లేదు. మేం చదివింది స్టిక్కర్.

రెండో రోజు ట్యాలీ ఎక్కించబోతే ఒప్పుకోలేదు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉన్న యాప్‌లే వేసుకోవాలట. దీన్ని విండోస్ ఎస్ మోడ్ అంటారు, చవక మెషిన్లు చాలావాటికి ఇది పెట్టి పంపుతారు. స్టోర్‌లోకి వెళ్లి దీన్ని తీసేయొచ్చు, డబ్బులేం అక్కర్లేదు, కాకపోతే ఒకసారి తీస్తే మళ్లీ పెట్టుకోలేం. "ఎస్ మోడ్ తీసి, సాఫ్ట్‌వేర్ వేసి ఇస్తాం, 800" అని ఎవరైనా అంటే ఇవ్వకండి. ఐదు నిమిషాల పని.

మొదటి రెండు నెలలు నెట్టుకొచ్చాను. ఫ్యాన్ లేని మెషిన్, చప్పుడు చేయదని మురిసిపోయాను కూడా. వేసవి వచ్చాక తెలిసింది ఫ్యాన్ ఎందుకు ఉంటుందో. చిప్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు గుంటూరులో ఏసీ లేని గదిలో కూర్చుని ఎక్సెల్ తెరవండి, మీకే అర్థమవుతుంది. నేను లెక్కల పని తెల్లవారుజామున ఐదింటికి మార్చుకున్నాను, అది చల్లగా ఉంటుందని!

స్టోరేజీ బాధ దీనికి తోడు. విండోస్, దాని అప్‌డేట్లు కలిసి సగం పైగా తినేస్తాయి. ట్యాలీ, బ్రౌజర్, వాట్సాప్ ఫొటోలు పోగా నాకు మిగిలింది ఆరేడు జీబీ. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా చోటు చాలదంటుంది, నేను ఏదో ఒకటి తుడిచేస్తాను, మళ్లీ నిండుతుంది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస హద్దు సరిగ్గా 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. అంటే నా ల్యాప్‌టాప్ 35 మార్కులతో పాసైన బాపతు. క్లాసులో కూర్చోనిస్తారు, అంతే.

అసలు దెబ్బ ఒక నెల 20వ తేదీన పడింది. జీఎస్టీలో నెలనెలా వేసే 3బి రిటర్నుకు ఆఖరి రోజు. ముగ్గురివి అయిపోయాయి, మిర్చి వ్యాపారిది మిగిలింది. సాయంత్రం ఏడున్నర. ఒక ట్యాబ్‌లో జీఎస్టీ పోర్టల్, ఒక పక్క ట్యాలీ, ఇంకో పక్క ఎక్సెల్. ఆయనకు ఫోన్ చేసి ఓటీపీ అడిగి కొట్టబోతే కర్సర్ కదలదు. టాస్క్ మేనేజర్ తెరుచుకోవడానికే రెండు నిమిషాలు పట్టింది. మెమరీ 94 శాతం, డిస్క్ 100 శాతం, ఎర్రగా. వెనకాల విండోస్ ఏదో అప్‌డేట్ దించుకుంటోంది. ఓటీపీ గడువు పోయింది. మళ్లీ అడిగాను, మళ్లీ పోయింది. మూడోసారి ఆయనే, "అమ్మా, ఏమైనా ఇబ్బందా?" అన్నారు. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు ఫైన్, అది నేను కట్టుకోగలను. ఆయన గొంతులో ఆ అనుమానానికి ఏం కట్టాలి? చివరికి పక్క వీధి నెట్ సెంటర్‌లో షట్టర్ సగం దించాక బతిమాలి లోపలికి వెళ్లి ఫైల్ చేశాను. అదే పోర్టల్ అక్కడ పది నిమిషాల్లో పనిచేసింది. పోర్టల్‌ను నేనేమీ వెనకేసుకు రావడం లేదు, దాని సంగతి మనందరికీ తెలుసు.

మర్నాడే ర్యామ్ వేయించడానికి అరండల్‌పేటలో రిపేర్ చేసే అబ్బాయి దగ్గరికి వెళ్లాను. మోడల్ నంబర్ చూడగానే, "అక్కా, దీనికి పడదు" అన్నాడు. నమ్మలేదు. సరే చూడండని బోర్లా పెట్టి పది చిన్న స్క్రూలు తీసి, ప్లాస్టిక్ ముక్కతో చుట్టూ గీరి మూత లేపాడు. లోపల సగానికి పైగా బ్యాటరీ. ఒక మూల నా చెయ్యంత కూడా లేని పచ్చ బోర్డు. పట్టకారు కొనతో నాలుగు నల్ల చిప్‌లు చూపించాడు. "ఇదే మీ ర్యామ్. బోర్డుకే సోల్డర్ చేసేశారు. ఈ పక్కన ఇది మీ 64 జీబీ. ఇదీ అతుకే. స్లాట్ అనేదే లేదు. ఇది పోతే బోర్డు మొత్తం మార్చాలి." డబ్బులు అడిగితే వద్దన్నాడు. వారంలో ఇలాంటివి రెండు మూడు వస్తాయట.

షాపుకు వెళ్తే, "మా కుర్రాడు అలా చెప్పి ఉండడు మేడమ్, మోడల్‌ని బట్టి ఉంటుంది" అన్నారు. ఆ కుర్రాడు మానేశాడట. బిల్లు మీద మోడల్ నంబర్, రేటు తప్ప ఇంకేం లేదు. అదృష్టం ఏంటంటే, కొన్న రోజు మా ఆయన మా మరిదికి పంపడానికి స్టిక్కర్‌తో సహా ఫొటో తీశారు. 1915కి, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టి ఆ ఫొటో ఇచ్చాను. అప్పుడు స్వరం మారింది. 13 వేలకు వెనక్కి తీసుకుంటాం, ఇంకో 15 వేసి వేరేది పట్టుకెళ్లండి అన్నారు. మళ్లీ అదే కౌంటర్‌లో కొనే ధైర్యం నాకు లేదు. ఇక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్తాను. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు కూడా ఉండదు.

మీరు కొనబోతుంటే డిస్‌ప్లే పీసు ఆన్ చేయించండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కి కింద 'ఫార్మ్ ఫ్యాక్టర్' అన్న చోట చూడండి. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే ఆ ర్యామ్ బోర్డుకు అతికించినదే. స్లాట్లు రెండుకు రెండు అని పైన చూపించినా మురిసిపోకండి, అతికించిన చిప్‌లను కూడా అలా లెక్కేసి చూపిస్తుంది. 'ఎస్‌ఓడిమ్' అని ఉంటే తీసి మార్చుకునే రకం. కొన్నింటికి 4 జీబీ అతికించి, పక్కన ఒక ఖాళీ స్లాట్ ఇస్తారు, అవి పర్వాలేదు. అది ఉందో లేదో కంపెనీ సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి చూసుకోవచ్చు. ఈఎంఎంసీ అన్న మాట కనిపిస్తే, రోజూ పని చేసుకునే మెషిన్ కావాలనుకునేవాళ్లు అక్కడితో వదిలేయండి. ర్యామ్ పెంచుకోవచ్చని షాపువాళ్లు అంటే "అదే ముక్క బిల్లు మీద రాసివ్వండి" అనండి. రాసే చెయ్యి ఆగితే మీకు సమాధానం దొరికినట్టే. స్టిక్కర్ ఫొటో తీసుకోవడం మర్చిపోకండి.

నేను ఇప్పుడు వాడుతున్నది ఆఫీసుల నుంచి వచ్చిన రిఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) ల్యాప్‌టాప్. ఇంటెల్ 8వ తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఈఎంఎంసీ కంటే వేగమైన స్టోరేజీ), 22 వేలు. బరువు ఎక్కువ, బ్యాటరీ రెండు గంటలు దాటదు, మూత మీద ఏదో కంపెనీ ఆస్తి నంబర్ పీకిన మచ్చ ఉంది. కానీ 20వ తేదీన నన్ను నెట్ సెంటర్‌కు పరిగెత్తించలేదు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఇంటెల్‌లో 8వ తరం కంటే పాతవాటికి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. 6వ, 7వ తరం మెషిన్లలో ఎలాగోలా 11 ఎక్కించి అమ్మేవాళ్లున్నారు, తరం అడిగి తీసుకోండి.

ఇప్పటికే నాలాంటిదే కొనేసినవాళ్లు స్పీడ్ పెంచుతామనే వాళ్లకు 1,500 పోయకండి, ఫార్మాట్ కొడితే నెల రోజులు బాగుంటుంది, మళ్లీ అంతే. స్టార్టప్ యాప్‌లు ఆపేయండి, ఫొటోలూ పీడీఎఫ్‌లూ మెమరీ కార్డులోకి మార్చేయండి, ట్యాలీ డేటా మాత్రం కార్డులో పెట్టకండి. మా అమ్మాయి దాని మీద క్లాసు వీడియోలు చూసుకుంటోంది, ఒకటే ట్యాబ్ తెరిచి. ఆ ఒక్క పనికి బాగానే ఉంది.