సిరిమాను బొమ్మకి అట్ట మేలా, మట్టి మేలా, ఆకు మేలా?

దసరా సెలవులిచ్చిన రెండో రోజుకే మా ఇంట్లో టీవీ రిమోట్ రెండు ముక్కలైంది. పెద్దోడికి ఏడేళ్ళు, చిన్నదానికి నాలుగు. ముక్కలకి రబ్బరు బ్యాండు చుట్టి అటక మీద పడేశాను. మరి ఇంకో పది రోజులు వీళ్ళ చేతికి ఏమివ్వాలి? ఆ మాట పెద్దోడే తేల్చాడు. "అమ్మా, సిరిమాను చేద్దాం" అన్నాడు.

విజయనగరంలో దసరా అయిపోయాకే అసలు పండగ. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందురోజు సోమవారం తొలేళ్ళు అనే జాతర. సిరిమాను అంటే 50, 60 అడుగుల చింతమాను. దాన్ని బండి మీద బిగించి, పైకి లేచిన కొసన పీట కట్టి, అందులో పూజారిని కూర్చోబెట్టి, మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల కూడా ఊరేగింపులో ఉంటాయి. వాళ్ళ నాన్న భుజాలెక్కి ఇదంతా చూసిన పిల్లాడు ఇంట్లో ఒకటి చేసుకుంటానంటే వద్దని ఎలా అంటాం?

చేద్దాం సరే, దేనితో? ఇంట్లో అట్టపెట్టెలున్నాయి. వినాయకచవితికి తెచ్చిన బంకమట్టి సగం ముద్ద పెరట్లో మిగిలుంది. కవిటి దగ్గర ఊరి నుంచి మా అత్తమ్మ వస్తూ వస్తూ కొబ్బరాకులు తెచ్చింది, చీపురు కడదామని. నేనొక కిట్ కూడా కొన్నాను, మూడొందల యాభై పెట్టి. దాని సంగతి ముందే చెప్పేస్తాను. అన్నీ ముందే కత్తిరించేసి ఉన్నాయి, అంటించడమే తరువాయి. ఆ జిగురేమో ట్యూబులోనే గట్టిపడిపోయి ఉంది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మెరుపు పొడి మాత్రం ఇప్పటికీ మంచం కింద తళతళలాడుతోంది.

ఇక మిగిలిన మూడూ. ఏది మేలో చూడటానికి నేను పెట్టుకున్న కొలత ఒకటే. బొమ్మ అందంగా వచ్చిందా అని కాదు, పని జరిగినంతసేపూ ఎవరి చేతులు కదిలాయి, నావా వాళ్ళవా అని. పిల్లలతో చేయించామని మనం ఫోటోలు పెట్టుకునే వాటిలో చాలా మటుకు అమ్మలు చేసినవే. నేనూ పెట్టాను, కాదనను.

ముందు అట్టతో మొదలుపెట్టాం. ఖర్చు లేదు, ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది, వానొచ్చినా ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. కానీ లోపల మడతలున్న ఆ మందపాటి అట్టని మొన లేని పిల్లల కత్తెర కొయ్యదు. బ్లేడు పట్టుకోవాల్సింది నేనే. చక్రాలు నేనే కోశాను, పీట నేనే కోశాను, బండి నేనే అంటించాను. చిన్నది పక్కన కూర్చుని "నాకేది, నాకేది" అంటూ నా చీర కొంగు కత్తిరించబోయింది. అట్టతో చేసిన మానేమో అడుగున్నర పొడవుకే నడుం విరిగినట్టు వంగిపోయింది.

అక్కడొక మంచి సంగతి జరిగింది. పాత పేపరుని గట్టిగా గొట్టంలా చుట్టి చూడమన్నాను పెద్దోణ్ణి. పరిచినప్పుడు వేలాడిపోయిన అదే కాగితం, చుట్టగానే కర్రలా నిలబడింది. వాడికి నమ్మకం కుదరక విప్పి, మళ్ళీ చుట్టి, మళ్ళీ విప్పి చూశాడు. అరగంట నా అవసరమే రాలేదు. అప్పుడు నాకర్థమైంది, చిన్నపిల్లలున్న ఇంట్లో అట్ట కన్నా పాత పేపరు నయమని. మెత్తగా మడత పడుతుంది, చిరిగినా బాధ లేదు. ఏడేళ్ళవాడికైతే ఇంకో ఆట ఉంది. పేపరుని సగానికి మడవడం, మళ్ళీ సగానికి. ఎన్ని పొరలయ్యాయో లెక్కపెట్టడం. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. ఆరో మడత దగ్గరికి వచ్చేసరికి పళ్ళు బిగించాలి. ఏడో మడత పడితే 128 పొరలు. మావాడు దాని మీద ఎక్కి కూర్చున్నా పడలేదు. నాలుగేళ్ళ దానికి మాత్రం ఈ మడతలేవీ పట్టవు. అంచుకి అంచు కలపడమే ఆ వయసుకి కష్టం. కోపమొచ్చి నలిపి బంతి చేసేసింది. ఆ బంతితోనే సాయంత్రం దాకా ఆడుకుంది.

జిగురు కొనక్కర్లేదు. రెండు చెంచాల మైదాని అరగ్లాసు నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, సన్నటి సెగ మీద చిక్కబడేదాకా కలియబెడితే చాలు. ఆ రోజుకి సరిపడానే కాచుకోండి, మర్నాటికి పులిసిపోతుంది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలపడం కొందరికి అలవాటు. అది విషం, పిల్లలున్న ఇంట్లో ఆ మాటే వద్దు.

మానుకి పసుపు రాయాలని చిన్నది పట్టుబట్టింది. పసుపు నీళ్ళు కలిపి ఇచ్చాను, పేపరు గొట్టానికి పూసింది. ఆరాక, చేతులు కడుక్కుని సబ్బు సరిగ్గా వదలకుండానే వచ్చి దాన్ని పట్టుకుంది. పట్టుకున్నచోటల్లా ఎర్రటి వేలిముద్రలు! సబ్బులో ఉండే క్షారానికి పసుపు ఎరుపు తిరుగుతుంది. పారాణి సంగతీ అదే, పసుపులో సున్నం కలిస్తే ఎరుపు. నిమ్మచెక్కతో రుద్దితే మళ్ళీ పసుపురంగు వచ్చేసింది. ఇంక ఆ రోజంతా వాళ్ళకి వేరే పని లేదు. తెల్ల కాగితానికి పసుపు పూసి ఆరబెట్టడం, బట్టల సబ్బు నీళ్ళలో వేలు ముంచి దాని మీద అక్షరాలు రాయడం. సున్నం మాత్రం పిల్లల చేతికివ్వొద్దు, సబ్బు నీళ్ళు చాలు. బట్టలకి పసుపంటుతుంది కాబట్టి పాత బనీను తొడగండి.

తర్వాత మట్టి. వినాయకుడి మట్టి గట్టిపడిపోతే రాత్రంతా నీళ్ళలో నానబెట్టాను. పొద్దున్న రాళ్ళూ పుల్లలూ ఏరేసి చపాతీ పిండిలా మర్దించాను. నా పని అక్కడితో సరి. మిగతాదంతా వాళ్ళే. నాలుగేళ్ళ పిల్లకి ఏ వస్తువైనా చేతికిస్తే పావుగంటకి మించి నిలవదనుకునేదాన్ని. మట్టి ముద్ద దగ్గర గంటంపావు కూర్చుంది, నేను కూర వండేసుకున్నాను. నొక్కడం, పొడవడం, పాములా చుట్టడం, విరిచి మళ్ళీ అతకడం. అలా నొక్కీ పిసికీ వేళ్ళకి వచ్చే బలమే రేపు పలకబలపం పట్టుకోవడానికి అక్కరకొచ్చేది.

మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి మట్టి పాముకి భలే నప్పుతాయి. పాముని చుట్టి కొసలు కలిపితే సున్నా. దానికి తలకట్టు పెడితే ర. లోపల ఓ చిన్న ఉండ పెడితే ఠ. ర తెలిసిన పిల్లకి ఠ నేర్పడానికి బడిలో ఎన్నాళ్ళు పట్టేదో గాని, ఇక్కడ ఒక్క ఉండతో అయిపోయింది. పక్కింటివాళ్ళ పిల్ల వస్తే దానికి మాదే చెప్పింది, "ఇందులో గుడ్డుంటే ఠ" అని.

చిక్కల్లా ఎండబెట్టడం దగ్గరే. దసరా రోజులంటే మనవైపు ఎప్పుడు మబ్బు పడుతుందో తెలియదు. వేలి మందం దాటితే పైన ఎండి లోపల తడి ఉండిపోతుంది, పగుళ్ళిస్తుంది. కాస్త మెత్తటి ఇసుక కలిపి, బొమ్మని సన్నగా చేసి, ఎండలో కాకుండా నీడలో ఆరబెడితే పగుళ్ళు తగ్గాయి. మట్టికి బదులు మైదా ముద్ద కూడా చేసి చూశాను, రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు ఉప్పు, గ్లాసుకి కొంచెం తక్కువ నీళ్ళు. శుభ్రంగానే ఉంటుంది గాని వానాకాలంలో ఆ ఉప్పు చెమ్మ లాగేసుకుంటుంది. మూడు రోజులైనా బొమ్మ జిడ్డుగానే ఉంది. పైగా చిన్నది రుచి చూసి ఊసింది. ఈ నెలల్లో మట్టికే నా ఓటు. ఇల్లు పాడవుతుంది, నిజమే. పాత దుప్పటి పరచి వరండాలో కూర్చోబెట్టండి.

మట్టితో మాను నిలవలేదు, అది వేరే సంగతి. జానెడు పొడవు చేస్తే చాలు, మధ్యకి విరిగింది. పూజారీ, పీటా, తెల్ల ఏనుగూ మాత్రం మట్టితోనే వచ్చాయి. ఏనుగుకి తొండం రెండు. ఎందుకని అడిగితే "ఒకటి విరిగితే ఇంకోటి ఉంటుంది" అంది.

ఇక ఆకు. ఇది అత్తమ్మ రాజ్యం. "ఈ అట్టముక్కలేటి, జిగుర్లేటి? మా చిన్నప్పుడు ఒక్క కొబ్బరాకుంటే పూట గడిచిపోయీది" అంటూ ఆకు చీల్చి, రెండు నిమిషాల్లో పెద్దోడి చేతికి వాచీ కట్టింది, చిన్నదానికి బూర చుట్టి ఇచ్చింది. పుల్లకి గుచ్చి తిరిగే గిలక చేసింది. పిల్లలు గాలికి ఎదురు పరుగెత్తుతుంటే అది గిర్రున తిరిగింది. ఆవిడ చేతివేగం చూస్తే ముచ్చటే. కానీ నా కొలత ప్రకారం ఇక్కడా పిల్లల చేతులు ఖాళీయే. బూర ఊదింది చిన్నదే, చుట్టింది మాత్రం మామ్మ. నాలుగేళ్ళకి ఆకు చుట్టడం రాదు, జారిపోతుంది. ఏడేళ్ళవాడు మూడు రోజులు విసుక్కుని, నాలుగో రోజుకి వాచీ కట్టాడు. ఆ నాలుగో రోజు వాడి మొహం చూడాలి.

ఆకు అంచు వేలు కోస్తుంది, జాగ్రత్త. తాటాకైతే కాడకి రంపం పళ్ళుంటాయి, పెద్దవాళ్ళు చెక్కి ఇస్తే తప్ప ముట్టుకోనివ్వకండి.

ఆకులు చీల్చగా మిగిలిన ఈనెలే మాకు అసలు లాభం. పది ఈనెలకో రబ్బరు బ్యాండు వేస్తే కట్ట. ఇరవై నాలుగు కావాలంటే రెండు కట్టలు, నాలుగు విడివి. ఇరవై నాలుగులోంచి తొమ్మిది తియ్యాలంటే ఒక కట్ట విప్పక తప్పదు. తీసివేతలో అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో పుస్తకంలో చూసి బుర్ర గోక్కున్న మావాడు, కట్ట విప్పిన చేత్తోనే "ఓహో ఇదా" అన్నాడు. ఈనె కొసలు కంట్లో గుచ్చుకోకుండా రెండువైపులా తుంచి ఇవ్వండి. చిన్నపిల్లలు కర్రసాము మొదలుపెడితే మాత్రం వెంటనే లాగేసుకోవాలి.

ఈనెలు పట్టుకుని కూర్చుంటే అత్తమ్మకి తిత్లీ గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపాను అత్తమ్మ వాళ్ళ ఉద్దానం ప్రాంతంలో కొబ్బరితోటల్ని నేలకూల్చింది. దసరాకి వారం ముందు. "ఆ ఏడు ఊరు నిండా ఆకే, గిలక చేసి ఇమ్మని అడిగిన గుంటే లేదు" అంది. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మాను చివరికి ఈనెలతోనే అయింది. పాతిక ఈనెలు కలిపి దారంతో చుట్టాం. నిజం మానులాగే కొసన కొద్దిగా వంగి ఊగింది. పేపరు గొట్టం అలా ఊగదు, అందుకే దాన్ని పక్కన పెట్టేశాడు. అగ్గిపెట్టె మీద ఆనించి, కొసన మట్టి పూజారిని కూర్చోబెట్టగానే మొత్తం ముందుకి తూలిపడింది. వెనకవైపు మట్టి ముద్ద అంటించాడు. చాలలేదు. ఇంకొంచెం పెట్టాడు. తర్వాత మానుని కాస్త వెనక్కి జరిపి చూస్తే తక్కువ మట్టితోనే నిలబడింది. నేను నోరు మెదపలేదు. ముందు భాగం పొడుగైనకొద్దీ వెనక బరువు ఎక్కువ కావాలని వాడంతట వాడే కనిపెట్టి, వాళ్ళ నాన్న ఆఫీసు నుంచి రాగానే గుమ్మంలోనే ఆపి పాఠం చెప్పాడు. పార్కులో అటూ ఇటూ లేచి దిగే బల్ల ఎలా పనిచేస్తుందో వాడికిక చెప్పక్కర్లేదు.

ఏదో ఒకటే తెచ్చుకోవాలంటే? అయిదేళ్ళలోపు పిల్లలకి మట్టే. వాళ్ళ చేత్తో వాళ్ళు చేసుకునేది అదొక్కటే. ఆరు దాటి, ఇంట్లో నేర్పే పెద్దవాళ్ళుంటే కొబ్బరాకు. నేర్పేవాళ్ళు లేకపోతే ఆకు కన్నా పాత పేపరు మేలు. అట్టపెట్టె ఎప్పుడు తీయాలంటే, మనకి బ్లేడు పట్టి కూర్చునే తీరిక ఉన్న రోజున. మూడేళ్ళలోపు వాళ్ళుంటే చింతగింజలూ పూసలూ అలంకరణకి వాడకండి, ముక్కులో దూర్చుకుంటారు. కిట్ మాట మళ్ళీ ఎత్తను.

తొలేళ్ళ రోజు సాయంత్రం మా సిరిమాను గుమ్మం ముందు ముగ్గులో నిలబడింది. మర్నాడు అసలు సిరిమాను చూసి వచ్చేసరికి పూజారి తలకి పగులు పట్టింది. చిన్నది ఏడవలేదు. తీసుకెళ్ళి నీళ్ళ గిన్నెలో వేసింది. మెత్తబడ్డాక మిగతా మట్టిలో కలిపి, తడిగుడ్డ చుట్టి, పాత నెయ్యి డబ్బాలో పెట్టాను. సంక్రాంతికి గంగిరెద్దు చేస్తారట.