పాత ఎస్‌ఎంపీఎస్‌తో సరిపెట్టడమా, కొత్తది కొనడమా?

గ్రాఫిక్స్ కార్డు కోసం సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు బయల్దేరే ముందు, కంప్యూటర్ క్యాబినెట్ పక్క డోరు విప్పి ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె) మీది స్టిక్కరును ఓపికగా చదవాలి. పెద్ద అక్షరాల్లో కనిపించే 450 వాట్ల కన్నా, 12 వోల్టుల గడిలోని ఆంపియర్ల అంకె ముఖ్యం, ఎందుకంటే కార్డూ ప్రాసెసరూ ప్రధానంగా ఆ లైను మీదే ఆధారపడతాయి. మా ఇంట్లోని దానిపై 30 అని ఉంది. అంటే 12ను 30తో గుణిస్తే 360 వాట్లు.

దాన్నే ఉంచుకొని ఆర్‌టీఎక్స్ 4060 తీసుకుంటే, కార్డుకు 115 వాట్లు, ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్‌కు గరిష్ఠంగా 117, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ వగైరాలకు 50 వేసుకున్నా మొత్తం 282 దాటదు. ఈ కార్డుకు ఎన్విడియా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సూచించినా, అందులో ముందుజాగ్రత్త పాలు ఎక్కువని నా అభిప్రాయం. అయితే ఎస్‌ఎంపీఎస్ పేరున్న కంపెనీదై, కార్డుకు కరెంటిచ్చే 8 పిన్నుల కేబుల్ దానికే ఉండాలి. ఆ కేబుల్ లేదని మోలెక్స్ (పాతరకం 4 పిన్నుల ప్లగ్గు) కన్వర్టర్‌తో పని గడుపుకోవడం ప్రమాదకరం. సన్నని వైర్లు వేడెక్కి ప్లగ్గు కరిగిపోవచ్చు.

ఆర్‌టీఎక్స్ 4070 కావాలంటే మాత్రం లెక్క మారిపోతుంది. దానికి 200 వాట్లు అవసరం కనుక మొత్తం 367కు చేరి, ఆ 360ని దాటిపోతుంది. పైగా ఆట మధ్యలో కార్డు క్షణకాలం అంతకన్నా ఎక్కువ లాగినప్పుడు కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. అప్పుడు 650 వాట్ల కొత్త ఎస్‌ఎంపీఎస్ ఖర్చు తప్పదు. పాతదాని వారంటీ ముగిసి, దుమ్ముతో, ఇక్కడి ఎండలతో ఏళ్లు గడిచి ఉంటే, 4060కైనా నేను కొత్తదే కొంటాను.