సీజర్ డ్రెస్సింగ్ కొనే శాకాహారులకు హెచ్చరిక

అమెరికాలో ఉంటున్న మన శాకాహారులు నాలాగా మోసపోకూడదని, నిన్న సాయంత్రం జరిగినది ఇంకా మనసులో మండుతుండగానే ఇది రాస్తున్నాను. మనవాళ్లు వారం వారం వెళ్లే పెద్ద దుకాణమే. అక్కడి సలాడ్ కౌంటర్‌లో, హైదరాబాద్ నుంచి వచ్చిన మా అమ్మ కోసం సలాడ్‌లో కలిపే చిక్కటి సీజర్ డ్రెస్సింగ్ పోయించుకున్నాను. చేప గాని మాంసం గాని ఉందా అని రెండుసార్లు అడిగితే, లేదని రెండుసార్లూ చెప్పారు. ఇచ్చిన చిన్న డబ్బాపై ఏ వివరమూ లేదు.

అమ్మ నాలుగు రోజులు తిన్నది. నిన్న మళ్లీ వెళ్లినప్పుడు, వాళ్లు గరిటె ముంచే పెద్ద డబ్బా మీద పాలు, గుడ్డు, ఆంకొవీ చేప ఉన్నాయని స్పష్టంగా కనిపించింది. మేనేజరును పిలిచి చూపిస్తే, "సీజర్‌లో ఆంకొవీ ఉంటుందని అందరికీ తెలుసు, మీకు తెలియకపోతే మేమేం చేస్తాం?" అని, నేను మాట్లాడుతుండగానే నా వెనుక ఉన్నవారిని ముందుకు రమ్మన్నాడు. అందరికీ తెలిసినదే అయితే, మీ మనిషి రెండుసార్లు లేదని ఎందుకు చెప్పాడన్న ప్రశ్నకు జవాబు లేదు. పుట్టి బుద్ధెరిగి నీచు ముట్టని అమ్మకు ఈ మాట ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

నేను ముందే చదివి ఉండవలసింది. 1924లో మెక్సికోలోని తిహువానాలో సీజర్ కార్డీనీ అనే ఇటాలియన్ రెస్టారెంటు యజమాని ఈ డ్రెస్సింగ్ వేసే సీజర్ సలాడ్‌ను మొదట చేశాడని చెబుతారు. ఆయన ఆంకొవీని విడిగా వేయలేదని, వూస్టర్‌షైర్ సాస్ ద్వారానే ఆ రుచి వచ్చేదని అంటారు. ఆ సాసులోనూ ఆంకొవీ ఉంటుంది. నేను మీగడ అనుకున్న ఆ చిక్కదనం నిజానికి గుడ్డు పచ్చసొనతో గిలకొట్టిన నూనెది. రెండు పెద్ద చెంచాలకే సుమారు 160 కేలరీలు, 17 గ్రాముల కొవ్వు, 350 మిల్లీగ్రాముల సోడియం. రక్తపోటు ఉన్న అమ్మకు తేలికైన ఆహారమని నేనే పూటకు నాలుగు చెంచాలు వడ్డించాను.

నోటిమాట నమ్మకుండా అసలు డబ్బా చూపించమనండి. సీసా కొంటే పదార్థాల జాబితాతో పాటు కింద అలర్జీ పదార్థాలను తెలిపే వరుసనూ చదవండి. మన దేశంలోలాగా ఇక్కడ ఆకుపచ్చ చుక్క తప్పనిసరి కాదు. సీజర్ డ్రెస్సింగ్‌లో వేసే అసలైన పార్మెజాన్ చీజ్‌ను కూడా, పాలను విరగగొట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్‌తోనే చేస్తారు.